మామయ్య క్యాసెట్లలో గిటార్ వాయించింది ఒక్కడేనా?

పెన్నాగట్టు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. మా మేనమామ పోయి వచ్చే నెలకి ఏడాది. మొన్న ఆదివారం అత్తయ్య బీరువా సర్దుతూ ఒక రేకు పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది, ఇది నీకే ఇమ్మన్నాడు నాయనా, నాకైతే ఇందులో ఏముందో తెలీదు అని. తెరిచి చూస్తే 9 క్యాసెట్లు. కంపెనీ క్యాసెట్టు ఒక్కటీ లేదు, అన్నీ ఖాళీ క్యాసెట్ల మీద ఎక్కించుకున్నవే. మామయ్య 1978 నుంచి 86 దాకా మద్రాసులో ఉద్యోగం చేశాడు, అప్పుడు ఎవరి దగ్గరో ఎల్పీల నుంచి కాపీ చేయించుకుని ఉంటాడు.

అట్టల మీద అంతా పెన్సిల్ రాతే, అదీ తెలుగులో. అన్నిటికీ పైన "బ్లాక్‌మోర్" అని ఉంది. కింద ఒక్కో మాట: పొగ, మంట, జపాన్, వానవిల్లు 1, వానవిల్లు 2, తొమ్మిదో సింఫనీ, మళ్ళీ కలిశారు. "పొగ" క్యాసెట్ లోపలి కాగితం మీద మొదటి పాట పక్కన "కీరవాణి?" అని రాసుకున్నాడు. మిగిలిన రెండూ నాకు అసలు అర్థం కాలేదు. ఒకదాని మీద "పాట అదే, గొంతు వేరే, చెయ్యి అదే", ఇంకోదాని మీద "పాట అదే, గొంతు అదే, చెయ్యి వేరే" అని ఉంది.

నాకు తెలిసిందల్లా "పొగ"లో ఉన్న ఆ ఒక్క ట్యూనే, గిటార్ కొన్న ప్రతివాడూ మొదటి రోజు వాయించేది. వింటూ పోతే ఒక్కో క్యాసెట్‌లో ఒక్కో గాయకుడు, బ్యాండు కూడా వేరే వేరే అనిపిస్తోంది. ఇన్నిట్లోనూ గిటార్ ఒక్క మనిషిదేనా? ఏది ముందు, ఏది తర్వాత? వరసలో పెట్టుకుని వినాలని ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

ఒంగోలు_తీగలు (ఒంగోలు)

తమ్ముడూ, మీ మామయ్యకి దండం పెట్టాలి, ఆ రోజుల్లో ఇవన్నీ ఏరి పట్టుకోవడం మామూలు విషయం కాదు. నేను ఇరవై ఏళ్ళుగా మా చర్చిలో గిటార్ వాయిస్తున్నాను, నాకు చెయ్యి తిరిగిందే రిచీ బ్లాక్‌మోర్‌ని వింటూ. అందుకని కాస్త పెద్దగానే రాస్తాను.

1945లో ఇంగ్లండులో పుట్టాడు. కుర్రతనంలో లండన్‌లో జో మీక్ అనే నిర్మాత దగ్గర స్టూడియో గిటారిస్టు, ఎవరి పాటకి పిలిస్తే వాళ్ళకి వాయించేవాడు. 1963లో హైంజ్ అనే గాయకుడి "జస్ట్ లైక్ ఎడ్డీ"లో వినపడే గిటార్ ఇతనిదే, అప్పటికి 18 ఏళ్ళు. 1968లో అతని బ్యాండు డీప్ పర్పుల్ మొదలైంది. మొదటి మూడు ఆల్బమ్‌ల గాయకుడు రాడ్ ఇవాన్స్, 1969లో ఇయాన్ గిల్లన్ వచ్చాడు, 1970లో "ఇన్ రాక్" వచ్చింది. అక్కడి నుంచే మనకు తెలిసిన బ్లాక్‌మోర్.

నీ "పొగ" 1972 నాటి "మెషీన్ హెడ్". "జపాన్" అంటే "మేడ్ ఇన్ జపాన్", 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలో, 17న టోక్యోలో కచేరీలు చేస్తూ రికార్డ్ చేసింది. "వానవిల్లు" అతను 1975లో పర్పుల్ వదిలి పెట్టుకున్న బ్యాండు, రెయిన్‌బో. "మంట" మాత్రం నాకు అనుమానం. 1971లో "ఫైర్‌బాల్" ఉంది, 1974లో "బర్న్" ఉంది, మీ మామయ్య రెండింట్లో దేన్నైనా మంట అని ఉండొచ్చు. మొదట్లో ఏదో మిషన్ ఆన్ చేసిన చప్పుడు వస్తే ఫైర్‌బాల్, అది ఏసీ మిషన్ చప్పుడు. అది లేకుండా నేరుగా గిటార్‌తో మొదలై, ఇద్దరు గాయకులు ఒకరి తర్వాత ఒకరు పాడుతుంటే బర్న్. చూసి చెప్పు.

పెన్నాగట్టు

మిషన్ చప్పుడు లేదన్నా. నేరుగా గిటారే. ఒకాయనది బొంగురు గొంతు, ఇంకొకాయన బాగా పైకి వెళ్తున్నాడు.

ఒంగోలు_తీగలు

అయితే బర్నే. బొంగురు గొంతు డేవిడ్ కవర్‌డేల్, పైకి వెళ్ళేది గ్లెన్ హ్యూస్, అతను బేస్ గిటార్ కూడా వాయిస్తాడు. 1973లో గిల్లన్, బేస్ వాయించే రోజర్ గ్లోవర్ ఇద్దరూ వెళ్ళిపోయాక వీళ్ళు వచ్చారు. కవర్‌డేల్ పేరు గుర్తుపెట్టుకో, నీ చివరి రెండు క్యాసెట్లకి అతనితో పని పడేట్టుంది.

కావలి_క్యాసెట్ (కావలి)

అబ్బయ్యా, ఈ ప్రశ్న చూసి రాత్రి నిద్ర పట్టలా. నాకిప్పుడు 66. ఆ కాలంలో మేం ముగ్గురం స్నేహితులం రైలెక్కి మద్రాసు పోయి, ఒక్క రికార్డు వినడానికి ఎవరింటి గుమ్మం ముందో గంటలు నిలబడిన రోజులున్నాయి. కాపీ చేసిచ్చేవాడు ఒక్కోసారి 45 నిమిషాల వైపులో పట్టలేదని పాటని మధ్యలో కోసేసేవాడు. ఆ కోసిన చోటు ఇప్పటికీ నాకు పాటలో భాగమే, పూర్తి పాట విన్నా అక్కడికి వచ్చేసరికి చెవి ఆగుతుంది.

పొగ కథ తెలుసుకో. 1971 డిసెంబరులో వీళ్ళు ఆల్బమ్ చేయడానికి స్విట్జర్లాండులో మోంత్రో అనే ఊరికి పోయారు, చెరువు గట్టు ఊరు. అక్కడి క్యాసినోలో రికార్డ్ చేయాలని అనుకున్నారు. డిసెంబరు 4న అదే క్యాసినోలో ఫ్రాంక్ జాపా అనే అమెరికా రాక్ సంగీతకారుడి కచేరీ జరుగుతుంటే జనంలో ఎవడో పైకప్పు మీదికి ఫ్లేర్ కాల్చాడు, బిల్డింగ్ మొత్తం తగలబడిపోయింది. చెరువు మీద ఆ పొగ పరుచుకోవడం చూసి గ్లోవర్‌కి "స్మోక్ ఆన్ ది వాటర్" అన్న పేరు తట్టింది, నీ "పొగ"లో ఆ ట్యూను ఈ పాటదే. తర్వాత ఇంకో హాల్లోకి మారి ఈ పాట ట్యూను ఎక్కిస్తుంటే చుట్టుపక్కలవాళ్ళు గోల భరించలేక పోలీసుల్ని పిలిచారు, ట్రాక్ పూర్తయ్యేదాకా బ్యాండు మనుషులు లోపలి నుంచి తలుపు నొక్కి పట్టుకున్నారు. మిగతా ఆల్బమ్ చలికాలం మూసేసిన ఒక హోటల్ వరండాలో, బయట నిలబెట్టిన రోలింగ్ స్టోన్స్ వాళ్ళ రికార్డింగ్ బండిలోకి వైర్లు లాగి చేశారు.

ఆ ట్యూను అందరూ వాయిస్తారు గానీ నూటికి తొంభై మంది తప్పే వాయిస్తారు. బ్లాక్‌మోర్ అక్కడ ప్లెక్ట్రమ్ (తీగ మీటే చిన్న బిళ్ళ) వాడడు. రెండు తీగల్ని రెండు వేళ్ళతో ఒక్కసారే పట్టి లాగుతాడు, రెండు స్వరాలూ కలిసి పుడతాయి. ప్లెక్ట్రమ్‌తో గీరితే ఒకటి ముందు, ఒకటి వెనక వస్తాయి. ఆ తేడా వినపడితే చాలు, నీకు ఈయన చెయ్యి సగం తెలిసినట్టే.

కందుకూరు_కుర్రోడు (కందుకూరు)

బాబాయ్ చెప్పింది నిన్న రాత్రి నా గిటార్ మీద ట్రై చేశాను, నిజమే! రెండేళ్ళుగా తప్పు వాయిస్తున్నాను. నేను యూట్యూబ్‌లో విని ఈ పిచ్చిలో పడ్డవాణ్ణి, క్యాసెట్ చేతితో పట్టుకున్నది కూడా లేదు. పెన్నాగట్టు అన్నా, ఆ అట్టలు ఫోటో తీసి పెట్టవా?

వీణమెట్లు (నెల్లూరు)

నమస్తే. నేను వీణ నేర్పుతాను, రాక్ సంగీతం మా అబ్బాయి గదిలోంచి వినడమే తప్ప విడిగా కూర్చుని విన్నది లేదు. "కీరవాణి?" అన్న మాట చూసి ఆగాను, అది మా కర్ణాటక సంగీతంలో ఒక రాగం. ఆ మొదటి పాట ఏమిటి బాబూ?

ఒంగోలు_తీగలు

"హైవే స్టార్" మేడమ్. అందులో గిటార్ సోలో చివర వేగంగా పరిగెత్తే భాగం వినండి. కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) వరస డి మైనర్, జి మైనర్, సి, ఎ. బాక్ అనే పాతకాలపు జర్మన్ సంగీతకర్త నుంచి తెచ్చుకున్న నడక అని బ్లాక్‌మోరే చెప్పుకున్నాడు. అప్పటికప్పుడు వాయించింది కాదు, ముందే కట్టుకుని వచ్చిన సోలో.

వీణమెట్లు

నాలుగు సార్లు విన్నాను. డి ని షడ్జమం (స) చేసుకుంటే ఎ కార్డు దగ్గర కాకలి నిషాదం, అంటే పై ని, పలుకుతోంది, అక్కడ కచ్చితంగా కీరవాణి. కానీ దానికి ముందు సి కార్డు దగ్గర కైశికి నిషాదం, అంటే కింది ని, వస్తోంది, అది నటభైరవి రాగం. రెండు నిషాదాలూ పక్కపక్కనే ఉన్నాయి. మీ మామయ్య గారు ప్రశ్నార్థకం పెట్టారు చూడండి, అది ఊరికే పెట్టింది కాదు. ఆయన సంగీతం నేర్చుకున్నారా?

పెన్నాగట్టు

అత్తయ్యని అడిగానమ్మా. చిన్నప్పుడు నాలుగేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాడట, మా తాతయ్య ఉద్యోగం చూసుకోమని మాన్పించాడట. ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఇన్నేళ్ళలో మామయ్య కూనిరాగం తీయడం కూడా నేను వినలేదు.

"వానవిల్లు 2" అట్ట లోపల కూడా ఒకటి రాసి ఉంది, ఇప్పుడే చూశాను. రెండో వైపు మొదటి పాట పక్కన "వకుళాభరణం" అని. దీనికి ప్రశ్నార్థకం లేదు.

ఒంగోలు_తీగలు

అది "స్టార్‌గేజర్". తమ్ముడూ, నాకు చేతులు వణుకుతున్నాయి ఇది చదువుతుంటే.

ఆ క్యాసెట్ 1976 నాటి "రైజింగ్". రెయిన్‌బో మొదటి ఆల్బమ్ 1975లో ఎల్ఫ్ అనే అమెరికా బ్యాండు వాళ్ళని పెట్టుకుని చేశాడు, తర్వాత గాయకుడు రోనీ జేమ్స్ డియోని ఉంచుకుని మిగతావాళ్ళందర్నీ మార్చేశాడు. డ్రమ్స్‌కి కోజీ పావెల్ వచ్చాడు. స్టార్‌గేజర్ ఎనిమిదిన్నర నిమిషాల పాట, మొదలయ్యేదే కోజీ డ్రమ్స్‌తో. ఒక మాంత్రికుడు బానిసల చేత ఆకాశానికి గోపురం కట్టిస్తాడు, పైకెక్కి ఎగరబోయి పడిపోతాడు, అదీ కథ. చివర్లో మ్యూనిక్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా కలుస్తుంది. ఆ రోజుల్లో బ్లాక్‌మోర్ చెల్లో నేర్చుకుంటున్నాడు, ఈ పాటలో గిటార్ అంత సాగదీతగా నడవడానికి అదే కారణమని నా నమ్మకం.

వీణమెట్లు

విన్నాను. సోలోలో వకుళాభరణం రాగం ఛాయ స్పష్టంగా ఉంది. కీరవాణిని పంచమం నుంచి మొదలుపెడితే వచ్చేది వకుళాభరణమే, గ్రహభేదంలో (అవే స్వరాల్లో ఇంకోదాన్ని స చేసుకోవడం) పిల్లలకి నేను నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి ఇది. అంటే 1972 పాటలో పట్టుకున్న స్వరాల దారినే నాలుగేళ్ళ తర్వాత ఇంకో బ్యాండులో ఇంకో మెట్టు నుంచి నడిచాడు. పెద్దాయన రెండు క్యాసెట్లలోనూ దీన్ని విని, రెండోసారి ప్రశ్నార్థకం తీసేశారు.

ఇంకో సంగతి. బ్లాక్‌మోర్ స్వరాన్ని ఒంచడం గిటార్ వాళ్ళలా లేదు, మా దారికి దగ్గరగా ఉంది. ఎందుకని?

ఒంగోలు_తీగలు

మేడమ్, ఆయన గిటార్‌లో మెట్టుకీ మెట్టుకీ మధ్య చెక్కని గుంటగా చెక్కించుకుంటాడు. మామూలు గిటార్‌లో తీగ నొక్కితే వేలు చెక్కకి తగిలి ఆగుతుంది. ఈయనకి వేలి కింద తీగ తప్ప ఏమీ ఉండదు, ఎటు కావాలంటే అటు లాగొచ్చు. బలంగా నొక్కితే శ్రుతి తప్పుతుంది కాబట్టి చాలా తేలిగ్గా నొక్కాలి. నేను ఒకసారి వాయించి చూశాను, మొదటి అరగంట ఒక్క కార్డూ సరిగ్గా పలకలేదు.

వీణమెట్లు

అదీ విషయం! వీణకి మెట్లు దండి మీద నేరుగా కూర్చోవు, రెండు పక్కలా మైనం కట్టలు పోసి వాటి మీద నిలబెడతారు. అందుకే తీగ కింద అంతా ఖాళీ. ఒకే మెట్టు మీద తీగని పక్కకి లాగి మూడు నాలుగు స్వరాలు పలికిస్తాం. మీరు చెప్పిన గుంట, మా మైనం కట్ట చేసే పని ఒకటే. మా అబ్బాయిని పిలిచి వీణ మీద చూపించాను, వాడు ఫోన్ పక్కన పెట్టి మరీ చూశాడు.

కావలి_క్యాసెట్

మేడమ్ గారూ, ఇన్నేళ్ళుగా వింటున్నా, ఈ కోణం నాకు తట్టలేదు. మీరు "ఇన్ రాక్"లో "చైల్డ్ ఇన్ టైమ్" కూడా వినండి. దాని ఆర్గన్ ట్యూను ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే అనే శాన్ ఫ్రాన్సిస్కో బ్యాండు వాళ్ళ "బాంబే కాలింగ్" నుంచి తీసుకున్నది, వాళ్ళది వయొలిన్‌తో నడుస్తుంది.

ఇంకొకటి, క్యాసెట్ల మాట వచ్చింది కాబట్టి. సుమారు 1974 నుంచి ఈయన గిటార్ నేరుగా యాంప్లిఫైయర్‌లోకి పోలేదు, మధ్యలో ఒక ఐవా టేప్ రికార్డర్ ఉండేది. స్పూల్ తిరిగే మిషన్, దాంట్లోంచి పంపితే శబ్దం చిక్కబడుతుంది, కాస్త ప్రతిధ్వనీ వస్తుంది. మీ మామయ్య క్యాసెట్లలో వినపడే ఆ తీగ అప్పటికే ఒకసారి టేపు దాటి వచ్చిందన్నమాట.

"తొమ్మిదో సింఫనీ" క్యాసెట్ గురించి మాత్రం నా మాట విని చివర్న విను. 1979 తర్వాత రెయిన్‌బో అమెరికా రేడియో కోసం పాడింది, నాకు ఎక్కదు.

కందుకూరు_కుర్రోడు

బాబాయ్, నేను ఒప్పుకోను. అది 1981 నాటి "డిఫికల్ట్ టు క్యూర్", చివరి ట్రాక్ బేథోవెన్ తొమ్మిదో సింఫనీ ట్యూనే గిటార్ మీద. గాయకుడు జో లిన్ టర్నర్. పాటలు చిన్నవైపోయాయి, నిజమే. అందుకే నాలుగు వరసల్లో చెప్పాల్సింది చెప్పేయాలి, అది ఇంకా కష్టం. 1982 "స్టోన్ కోల్డ్" వినండి, గిటార్ ఎక్కడా గట్టిగా అరవదు, గొంతు ఆగిన చోటల్లా ఒక్క స్వరం పెట్టి వెళ్ళిపోతాడు. స్టార్‌గేజర్ వాయించినవాడు అంత తగ్గి వాయించడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. పైగా 1979 నుంచి అందులో బేస్ ఎవరు? పర్పుల్‌లో ఉన్న రోజర్ గ్లోవరే.

కావలి_క్యాసెట్

స్టోన్ కోల్డ్ ఇప్పుడే పెట్టుకుని విన్నా అబ్బయ్యా. నువ్వన్న ఆ ఒక్కో స్వరం నిజమే. ఆల్బమ్ మొత్తం మీద నా అభిప్రాయం మారలా, ఈ పాట వరకు నీదే.

ఒంగోలు_తీగలు

"మళ్ళీ కలిశారు" అంటే 1984 "పర్ఫెక్ట్ స్ట్రేంజర్స్", గిల్లన్, గ్లోవర్, జాన్ లార్డ్, ఇయాన్ పేస్ అందరితో పర్పుల్ తిరిగి కట్టినప్పటిది. మీ మామయ్య మద్రాసు వదిలేలోపు వచ్చిన పెద్ద రికార్డు అదే. తర్వాతి కథ క్యాసెట్లలో లేదు కాబట్టి క్లుప్తంగా: 1993లో మళ్ళీ పర్పుల్ వదిలేశాడు, 1995లో రెయిన్‌బో పేరుతో ఒక ఆల్బమ్, 1997 నుంచి గాయని కాండిస్ నైట్‌తో బ్లాక్‌మోర్స్ నైట్ అనే బ్యాండు. అక్కడ ఎక్కువగా మామూలు చెక్క గిటార్, పాతకాలపు యూరప్ వాయిద్యాలు. వేగం తగ్గింది గానీ మధ్యలో ఒక్కో స్వరం దగ్గర అదే చెయ్యి దొరుకుతుంది.

ఇక చివరి రెండిటికి వద్దాం. పాట ఏదో నాకు తెలిసిపోయింది అనుకుంటున్నాను. "మంట" క్యాసెట్‌లో బాగా నెమ్మదిగా నడిచే పెద్ద పాట ఒకటి ఉంటుంది, కవర్‌డేల్ ఒక్కడే పాడేది, "మిస్‌ట్రీటెడ్". నీ రెండు క్యాసెట్లలో ఉన్నది అదేనా?

పెన్నాగట్టు

అదేనన్నా! ట్యూను అదే. మొదటిదాంట్లో పదమూడు నిమిషాలు ఉంది, జనం చప్పుడు వినపడుతోంది. రెండోదాంట్లో కూడా జనం ఉన్నారు.

ఒంగోలు_తీగలు

మొదటిది 1977లో వచ్చిన రెయిన్‌బో "ఆన్ స్టేజ్". పర్పుల్ పాటని కొత్త బ్యాండుతో వాయించాడు, పాడింది డియో. అందుకే పాట అదే, గొంతు వేరే, చెయ్యి అదే.

రెండోది ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విను. గిటార్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. గొంతు బర్న్‌లో వాడిదేనా చూడు. తొందరేం లేదు.

పెన్నాగట్టు

రాత్రి డాబా మీద కూర్చుని మూడు సార్లు విన్నాను. గొంతు ఆ బొంగురు గొంతే. గిటార్లు రెండు. ఒకటి ఆగకముందే ఇంకోటి అందుకుంటోంది. స్వరం ఒంచేటప్పుడు కూడా నిండుగా ఒంచి అక్కడే ఆపుతున్నారు, మిగతా క్యాసెట్లలో లాగా కొంచెం కొంచెంగా జార్చడం లేదు. నాలుగు రోజుల కింద ఈ తేడా నాకు వినపడేది కాదు.

ఒంగోలు_తీగలు

కుదిరింది. కవర్‌డేల్ పర్పుల్ తర్వాత పెట్టుకున్న బ్యాండు వైట్‌స్నేక్. 1978లో లండన్ హామర్‌స్మిత్‌లో చేసిన కచేరీ అది, 1980లో వచ్చిన వాళ్ళ లైవ్ ఆల్బమ్‌లో వేశారు. గిటార్లు మిక్కీ మూడీ, బెర్నీ మార్స్‌డెన్. బ్లాక్‌మోర్ అందులో లేడు.

మీ మామయ్యకి కాపీ చేసిచ్చినవాళ్ళు పాట చూసి అది కూడా బ్లాక్‌మోర్‌దే అని చెప్పి ఉంటారు, పైన పేరు రాసుకున్నాడు కదా. ఇంటికొచ్చి విని కాదని తేల్చుకున్నాడు. చేతిలో అట్ట లేదు, పేర్లు లేవు, అడగడానికి మనిషి లేడు. వట్టి చెవితో.

కావలి_క్యాసెట్

పెన్నాగట్టూ, ఆ అట్ట మీద పైన ఉన్న "బ్లాక్‌మోర్" ఒకసారి సరిగ్గా చూడు. కొట్టేశాడా?

పెన్నాగట్టు

వెలుతురులో పట్టుకుని చూశాను బాబాయ్. పేరు మీద సన్నగా ఒక పెన్సిల్ గీత ఉంది. దుమ్ము అనుకున్నాను ఇన్నాళ్ళూ.

వీణమెట్లు అమ్మా, అత్తయ్య మిమ్మల్ని కలవాలంటోంది. మామయ్య వయొలిన్ అటక మీద ఉందట, తీగలు లేవు, బిరడాలు రెండు విరిగాయి. బాగు చేసేవాళ్ళు మన నెల్లూరులో ఎవరైనా ఉంటే చెప్పండి. క్యాసెట్లు వరసలో పెట్టాను, ఈ రాత్రి "పొగ"తో మొదలుపెడుతున్నాను.

వీణమెట్లు

రేపు సాయంత్రం ఐదు తర్వాత ఖాళీగానే ఉంటాను. వయొలిన్ తీసుకుని రండి. "వానవిల్లు 2" కూడా తీసుకురండి, మా ఇంట్లో టేప్ రికార్డర్ ఇంకా పనిచేస్తోంది.